పీకడం రాని డాక్టరమ్మ

చోడవరంలో నాకు వచ్చిన మొదటి పేరు 'పీకడం రాని డాక్టరమ్మ'. ఆ పేరు పెట్టింది, బస్టాండు దగ్గర నాకంటే ఎంతో ముందునుంచీ పళ్ళు చూస్తున్న పెద్ద డాక్టరుగారు. నాకు పీకడం రాకేం, శుభ్రంగా వచ్చు. పీకనక్కర్లేని పన్ను పీకనన్నాను, అంతే. తొంభైల్లో మా వైపు అదే పెద్ద నేరం. పన్ను కదిలిందా, పీకు. చిగురు దిగిందా, పీకు. జనం కూడా పన్ను చేతిలో పెడితేగాని వైద్యం జరిగిందనుకునేవారు కాదు.

ఒకసారి పళ్ళ డాక్టర్లమంతా అనకాపల్లిలో కలిశాం. అంగిట్లోంచి పల్చటి మాంసం పొర తీసి, దిగిపోయిన చిగురుకి అతుకు వేస్తే పన్ను నిలుస్తుందనీ, చదువుకునే రోజుల్లో నేను చేశాననీ చెప్పాను. మీలో ఎవరైనా చేశారా అని అడిగాను. సగం మంది ఆ మాటే వినలేదు. విన్నవాళ్ళు అవన్నీ పుస్తకాల్లో కబుర్లన్నారు. పెద్ద డాక్టరుగారు టీ గ్లాసు కింద పెట్టి, "ఏటమ్మా, కుట్లూ అతుకులూ అంత ఇష్టమైతే టైలరు షాపు ఎట్టుకోకపోయేవా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "సూది పట్టడం రానివాళ్ళకి పటకారే గతి సార్" అనేసి వచ్చేశాను.

తర్వాత కొద్ది రోజులకే వడ్డాది నుంచి ఒకావిడ వచ్చింది. చెరకు నరికే కూలిమనిషి. కింద ముందుపన్నుకి చిగురు సగానికి దిగిపోయింది గానీ పన్ను ఇంకా గట్టిగానే ఉంది. పెద్ద డాక్టరుగారు పీకేస్తానన్నారట.

"నాను పీకించుకోను డాక్టరమ్మా. ఈ పన్ను పోతే సెరుకు సీల్సలేను. పొద్దత్తమానం సెరుకు నరికి, ఒక్క ముక్క తిననేకపోతే ఏటి బతుకు?"

అతుకు సంగతి చెప్పాను. "మామిడంటు కట్టినట్టేటి?" అంది. దాదాపు అంతే అన్నాను. తీరా అంగిలి చూద్దును కదా, తెల్లగా కాలి గరుకెక్కిపోయి ఉంది. అడ్డపొగ! మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతే. కానీ అంగిట్లోంచి పొర తియ్యాలనుకున్నప్పుడు అదొక్కటే గుర్తు రాలేదు.

ముందు వైజాగు పంపి ముక్క పరీక్ష చేయించాను. ఇంకా కేన్సరు దాకా ముదరలేదన్నారు. "చుట్ట మానితేనే అంగిలి బాగుపడుతుంది. అది బాగుపడితేనే అతుకు. లేకపోతే నా వల్ల కాదు పిన్నీ" అన్నాను.

ఈ కబురు బస్టాండు దాకా పోయింది. అడ్డపొగ మానిన ఆడదాన్ని తానింతవరకూ చూళ్ళేదని పెద్ద డాక్టరుగారు అన్నారట. కావాలనే ఆ మాట ఆవిడ చెవిన వేశాను.

"సూడనేదా? అయితే ఇప్పుడు సూత్తాడు" అంది.

మానింది. నోరు ఊరుకోక బుగ్గన బెల్లం ముక్క పెట్టుకుంటే దానికీ తిట్టాను. సోంపు నమిలింది. మొగుడి మీదా, నా మీదా విరుచుకుపడింది. "నీది కాదు గదా నోరు, ఎన్నయినా సెప్తావు" అంది. అన్నా సరే, మానింది. వానలు వెనకబట్టేసరికి అంగిలి మెత్తబడి మామూలు రంగుకొచ్చింది.

అతుకు వేస్తుండగా కరెంటు పోయింది. కిటికీ రెక్కలు బార్లా తీయించి ఆ వెలుగులోనే కుట్టాను. కోపంగా ఉన్నప్పుడు నా చెయ్యి భలే నిలుస్తుంది. మొదట అతుకు పాలిపోయింది, దాంతోపాటు నా మొహమూ పాలిపోయింది. తర్వాత మెల్లగా ఎర్రబడి పట్టుకుంది. అంగిట్లో తీసినచోటా మాంసం పూడింది.

ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు కట్టే రోజుల్లో ఆవిడ చెరకు గడ పట్టుకుని వచ్చింది. "పద" అని నన్ను బస్టాండు వైపు లాక్కుపోయింది. పెద్ద డాక్టరుగారు బయటికి రాగానే, ఆయన మెట్ల మీదే నిలబడి గడని ముందుపళ్ళతో పరపరా చీల్చింది.

"దాంతో కొరకొద్దన్నానా పిన్నీ!" అని అరిచాను. నా మాట ఎవరికి కావాలి?

"సూడండి బాబూ, పీకడం రాని డాక్టరమ్మ కట్టిన అంటు" అని నోరు తెరిచింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. వంగి చాలాసేపు చూశారు. నా వైపు తిరక్కుండానే, "ఏ దారంతో కుట్టేవమ్మా?" అన్నారు.

"టైలరు షాపుకి రండి సార్, చూపిస్తాను" అన్నాను.