బావ జీపు ఇంజను

ఎనభై ఏడో సంవత్సరం, మాఘ పౌర్ణమి వెళ్ళిన తెల్లారి శనివారం, పొద్దున పదిన్నర గంటలకు ఆ ఇంజను మళ్ళీ మోగింది. భద్రాచలంలో మిస్త్రీ తన షెడ్డు రేకు తలుపు మీద ఆ రోజూ ఆ గంటా ఎర్ర రంగుతో రాసి పెట్టాడు. నాకప్పుడు అక్షరం ముక్క రాదు. నలభై దాటాక నేర్చుకుని, ఆ తలుపు దగ్గరికి పోయి నేనే చదువుకున్నాను.

బావ అంటే మా చెల్లె మొగుడు. దుమ్ముగూడెం దారిలో జీపు కిరాయికి నడిపేవాడు. అంతకు ముందటి వానాకాలం గోదావరి పెరిగి వాగులోకి ఎదురు తన్నింది. ఆ వాగు దాటబోయి బండితో సహా కొట్టుకుపోయాడు. నీళ్ళు తీశాక జీపు ఇసుకలో కూరుకుపోయి కనబడింది. మనిషి మాత్రం దొరకలేదు.

శవం లేదు కాబట్టి చెల్లె చావును ఒప్పుకోలేదు. దినం చేయనియ్యలేదు. బొట్టూ గాజులూ అట్లాగే ఉంచుకుంది. మా చిన్నమ్మ నోరు ఊరుకునేది కాదు.

"ఇంకెన్నాళ్ళు పెట్టుకుంటవ్ బిడ్డా ఆ బొట్టు? నలుగురు నవ్వుతున్నరు."

"నవ్వనీ. ఆయన వచ్చి తీయమంటే తీస్త."

నా దగ్గర పాత పికప్ ఒకటి ఉండేది. పైకి గట్టిదే, ఇంజనే చచ్చింది. తునికాకు కట్టలు నింపి గుట్ట ఎక్కిస్తే సగంలో ఆగిపోయేది, వెనక కూలీలు దిగి తోసేవాళ్ళు. కొత్త ఇంజను కొనే తాహతు నాకు లేదు. జీపు ఒళ్ళంతా తుప్పు పట్టింది గానీ ఇంజను దిమ్మె పగలలేదు. అడగడానికి నోరు రాక నెల రోజులు తిరిగాను. చివరికి చెల్లే మాట ఎత్తింది.

"తీసుకపో అన్నా. గానీ దాన్ని మోగియ్యాలె. పాత ఇనుపోళ్ళకు అమ్మితే ఊకోను."

"అది మోగుతదని ఏం నమ్మకం?"

"మోగియ్. ఆయన బండి సప్పుడు నాకెర్కే. వాగు అవతల ఉండంగనే ఎసరు పెట్టేదాన్ని."

మాట ఇచ్చాను. ఆ సప్పుడు ఆమెకు ఏమిటో అప్పుడు ఆలోచించలేదు.

మిస్త్రీ ఇంజను విప్పితే లోపలంతా రేవు ఇసుక. కడిగినకొద్దీ వచ్చేది. అంతా కడిగాం అనుకుని బల్ల మీద పెడితే తెల్లారేసరికి దాని కింద మళ్ళీ పిడికెడు ఇసుక ఉండేది. మిస్త్రీ దాన్ని చీపురుతో ఊడ్చి బయట పారబోసేవాడు, నా వైపు చూసేవాడు కాదు.

దిమ్మెను ఖమ్మం తీసుకుపోయి సిలిండర్లు బోరు కొట్టించాం. పెద్ద సైజు పిస్టన్లు వేశాం. హెడ్డు పలకను లేత్ మీద కొద్దిగా చెక్కించాం, దెబ్బ గట్టిగా పడుతుందని. డీజిల్ పంపు పాత సామాన్ల దుకాణంలో దొరికింది. పొగగొట్టం లావుది పెట్టాం. వాల్వులకు పేస్టు రాసి చేతులతో తిప్పి తిప్పి అరగదీశాం. నా అరచేతుల తోలు లేచింది. తక్కువలో ఎంత బలం తీయగలమో అంతా తీశాం.

పని జరిగినన్నాళ్ళూ చెల్లె బువ్వ మూట తెచ్చేది. మోదుగ విస్తర్లు పరిచేది. ప్రతిసారీ ఒకటి ఎక్కువ, ఇంజను పక్కన. అందులోనూ బువ్వ పెట్టేది, పప్పు పోసేది. మేము తింటుంటే అది అట్లా చల్లారిపోయేది. కాకి కూడా దగ్గరికి వచ్చేది కాదు.

ఒక రోజు మిస్త్రీ మెల్లగా అన్నాడు. "భయ్యా, ఇంజన్ల నీళ్ళు చేరితే తీస్త, ఇసుక చేరితే తీస్త. ఇసొంటిది నాతోని గాదు."

మోగించే రోజు నా భార్యా చిన్నమ్మా కూడా షెడ్డుకు వచ్చారు. శనివారం ఇనుము జోలికి పోవద్దని నా భార్య గొణిగింది. "శుక్రవారం నా దుకాణం బంద్, వదినా. ఆదివారం సంత అని నువ్వు రావు. ఇగ మిగిలింది శనివారమే" అన్నాడు మిస్త్రీ.

మా వైపు ఇంజను మొదటిసారి మోగించే ముందు దాని సొంతదారు ఇంటి ముత్తైదువ పసుపు కుంకుమ పెడుతుంది. ఇంజను చెల్లెది. పళ్ళెం నా భార్య చేతిలో ఉంది. చెల్లెకు ఇవ్వాలా, తానే పెట్టాలా తెలియక అట్లాగే నిలబడింది. ఇస్తే బావ బతికి ఉన్నట్టు. ఇవ్వకపోతే చచ్చినట్టు. చిన్నమ్మ తలుపు పక్కన నిలబడి పళ్ళెం వైపే చూసింది.

మిస్త్రీకి ఈ పళ్ళెం గొడవ తెలియదు. "ఎవలన్న పెట్టుర్రి, జల్దీ."

"మొదలు మోగియ్యుర్రి" అంది చెల్లె. "ఇన్నంక పెడత."

మిస్త్రీ సెల్ఫ్ కొట్టాడు. నల్లపొగ కక్కి, ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని ఇంజను అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. గట్టి దెబ్బ, సమానమైన దెబ్బ. మిస్త్రీ స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. మొహం వెలిగింది. "ఏం పాడుతుంది భయ్యా, విను."

చెల్లె కూడా వింటోంది. తల ఒక పక్కకు వంచి, కళ్ళు మూసుకుని. చాలాసేపు విన్నది.

"నడుమ నడుమ ఒక దెబ్బ మింగేది. అదేది?"

"అది రోగం చెల్లె. ఒక సిలిండర్ అరిగిపోయి ఉండె. బోరు కొట్టి తీసేసినం" అన్నాడు మిస్త్రీ.

"మళ్ళ పెట్టరాదా?"

"రోగం ఎట్ల పెడత తల్లీ?"

"అవ్" అంది. కళ్ళు తెరిచింది. పళ్ళెం మీదికి చెయ్యి పోయింది, కుంకుమను తాకకుండానే వెనక్కి వచ్చింది.

"నువ్వే పెట్టు వదినా. ఆయన లేడు."

ఇంజను నడుస్తూనే ఉంది. నా భార్య ఇంజనుకు బొట్టు పెట్టింది.

ఆ ఇంజను ఎక్కించాక, ఆ ఎండాకాలం పికప్ నిండు బరువుతో గుట్ట ఎక్కింది, ఎవరూ దిగి తోయలేదు. ఆ బండి చాలా ఏళ్ళు నడిపాను. వాగు దగ్గరికి వచ్చినప్పుడల్లా యాక్సిలరేటర్ మీద నా కాలు దానంతట అదే తేలికయ్యేది. మింగిన దెబ్బ ఒకటి వినబడుతుందేమోనని చెవి పెట్టేవాణ్ణి. ఇప్పటికీ ఏ డీజిల్ బండి పోయినా అట్లాగే వింటాను. ఆ బండితో నేను వాగు దాటినప్పుడు చెల్లె ఒక్కసారి కూడా గుమ్మంలోకి రాలేదు.

ఇంజను మోగిన ఆ మధ్యాహ్నం షెడ్డులో చెల్లె విస్తర్లు పరిచింది. అలవాటుగా ఇంకొకటి తీసి, చేతిలో కాసేపు పట్టుకుని, తిరిగి కట్టలో పెట్టేసింది. మిస్త్రీకి వేసింది, నాకు వేసింది, నా భార్యకు, చిన్నమ్మకు వేసింది, చివర తనకు వేసుకుంది. ఆ రోజు అక్కడ ఉన్నది మేమే.