లెమన్ రైస్ ఎమర్జెన్సీ

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మా పక్కింటి కేశవరావుగారు ఒక బ్యాంకులో ఆంక్షల విభాగంలో పనిచేస్తారు. అమెరికా ఏదో దేశపు ప్రభుత్వం మీద ఎమర్జెన్సీ ప్రకటించి ఆంక్షలు పెడుతుంది. దాన్ని ఏటా గడువులోగా పొడిగించాలి, లేకపోతే దానంతటదే రద్దయిపోతుంది. ఏటా దాదాపు అదే కాగితం, తేదీ మారుతుంది. అవి చదివీ చదివీ ఆ పిచ్చిని ఈయన ఇంటికి కూడా తెచ్చుకున్నారు.

మూడేళ్ల కిందట మా వీధి బార్బెక్యూ విందుకి ఈయన చింతపండు పులిహోర చేసుకొచ్చారు. రెండు వీధుల అవతల ఉండే తోడల్లుడు బాలమురళి ఒక ముద్ద తిని, అందరిముందూ "లెమన్ రైస్ సూపర్ అన్నయ్యగారూ" అన్నాడు. మర్నాడు వీళ్ల ఫ్రిజ్ మీద కాగితం వెలిసింది. బాలమురళి ఇంటివల్ల ఈ ఇంటి పరువుకు అసాధారణ ముప్పు ఉంది కనుక ఎమర్జెన్సీ. రాకపోకలు బంద్, గోంగూర బంద్, ఆదివారం క్యారమ్స్ బంద్. భార్య విద్యావతిగారు చెల్లెలితో ఫోన్లో మాట్లాడుకోవడానికి మాత్రం మానవతా మినహాయింపు.

తీరా నష్టపోయింది ఈయనే. బాలమురళి పెరటి గోంగూర లేనిదే ఈయనకు ముద్ద దిగదు. అందుకని ఆ గోంగూర ముందు మా ఇంటికొచ్చి, ఆనక వీళ్లింటికి వెళ్లేది. అంటే నేను మూడో దేశాన్నన్నమాట. ఇలాంటి దొంగదారులు పట్టుకోవడమే ఆఫీసులో ఈయన ఉద్యోగం. అన్నంలో కలుపుకుంటూనే "సోర్స్ ఏంటండీ?" అని అడిగేవారు. "మార్కెట్టండీ" అనేవాణ్ని, ఒళ్లు మండిపోతున్నా. ఇక ఆదివారాలు బోర్డుకు ఇటూ అటూ మారి కూర్చుని, ఒక్కరే క్యారమ్స్ ఆడుకుని, ఓడిపోయి, మొహం మాడ్చుకునేవారు.

ఈ మార్చిలో బాలమురళికి బ్రిస్బేన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడి సన్నీబ్యాంక్ అనే పేటలో ఇల్లు తీసుకున్నాడు. ఆదివారం ప్రయాణం. ఏటా పొడిగిస్తూ వచ్చిన ఎమర్జెన్సీ గడువేమో శనివారం సాయంత్రం ఐదింటికి. ఈయన సంతకం పెట్టారంటే తోడల్లుణ్ని సాగనంపడానికి కూడా వెళ్లకూడదు.

శనివారం మధ్యాహ్నం నన్ను సాక్షిగా పిలిచారు. కొత్త తేదీ వేసిన కాగితం బల్లమీద సిద్ధంగా ఉంది.

"పెన్ను రాయట్లేదండీ" అన్నారు.

నాది ఇచ్చాను.

"బ్లూ ఇంక్ వాలిడ్ కాదు."

నల్లది ఇచ్చాను.

"జెల్ పెన్ స్మడ్జ్ అవుద్ది."

విద్యావతిగారు ఇంకోటి తెచ్చారు. "టీ తాగాక చూద్దాంలే" అన్నారీయన. ఒక కప్పు టీని గంటన్నర తాగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఐదయింది. "లాప్స్ అయిపోయింది. రూల్ ఈజ్ రూల్, ఇంక మన చేతుల్లో లేదు" అంటూ లేచి, క్యారమ్ బోర్డు చంకన పెట్టుకున్నారు. విద్యావతిగారి చేతిలో కారు తాళాలు అప్పటికే ఉన్నాయి. సాక్షిని కదా, నేనూ ఎక్కాను.

బాలమురళి తలుపు తీశాడు. ఇంటినిండా అట్టపెట్టెలు. "మా బోర్డు ప్యాక్ చేసేశానన్నయ్యగారూ" అన్నాడు.

"నాది తెచ్చాను."

పెట్టెలమీదే బోర్డు వేశారు. కేశవరావుగారు చిత్తుగా ఓడిపోయారు. మూడేళ్లకి వేరే మనిషి చేతిలో ఓడిపోయినందుకు ఆనందం పట్టలేక కళ్లు తుడుచుకున్నారు.

బాలమురళి కాయిన్లు సర్దుతూ, "ఆ రోజు మీరు చేసిన లెమన్ రైస్ లాంటిది మళ్లీ తినలేదన్నయ్యగారూ" అన్నాడు.

విద్యావతిగారు నా వంక చూశారు. కేశవరావుగారు స్ట్రైకర్‌ని కాసేపు తిప్పారు.

"సన్నీబ్యాంక్ వచ్చి చేసిపెడతాలే మురళీ" అన్నారు. "లెమన్ రైసే."