నా చేతి మీద పులిసిన గులాబీ

ఈ రోజు పొద్దున ఒకామె జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చింది. టేపు చుట్టి భుజం కొలిచేటప్పుడు ఆమె కొంగు నా మణికట్టుకు రాసుకుంది. ఆమె వెళ్లాక మిషన్ ముందు కూర్చుంటే నా చేతి నుంచి గులాబీ అత్తరు వాసన రావడం మొదలైంది. స్ప్రే సీసాల వాసన కాదు. ముక్కు దగ్గర పెట్టుకోకపోయినా ఉన్నానని చెప్పే నూనె అత్తరు. ఆమె ఎవరో నేను గడప దగ్గరే గుర్తుపట్టాను. ఆమె మాత్రం నన్ను ఎరగనట్టే ఉంది. నిజంగా మరచిపోయిందో, మరచిపోయినట్టు ఉండడం మంచిదనుకుందో ఇంకా తేల్చుకోలేదు. మామూలుగా అయితే ఆ చెయ్యి వెంటనే సబ్బుతో కడిగేసేదాన్ని. నా ఒంటికి గులాబీ పడదు. ఈసారి కడగలేదు. ఎందుకు కడగలేదో చెప్పాలంటే యూసుఫ్ చిచ్చా గురించి చెప్పాలి.

నేను పెద్ద కొడప్‌గల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి బాన్సువాడ బజారులో కుట్టు మిషన్ పెట్టుకున్నప్పుడు నా పక్క అత్తరు మడిగె ఆయనది. రెండు కొట్లకూ మధ్య చెక్క గోడ. ఆ చెక్కల సందుల్లోంచి నా వైపుకు రోజంతా వాసనలు వచ్చేవి. ఆయన గడ్డానికి ఎర్రగా మైదాకు పెట్టుకునేవాడు, ఇస్త్రీ చెడని తెల్ల లాల్చీ వేసుకునేవాడు, తన ముక్కు గురించి తానే గొప్పలు చెప్పుకునేవాడు. నేను మొదటి రోజు నుంచే ఆయనను నమ్మలేదు. అమ్మకం పట్ల ఆయన తీరే అనుమానం పుట్టించేది. అత్తరు అడిగినవాళ్లకు సీసా ఇవ్వడు. గాజు పుల్లతో మణికట్టు మీద ఒక చుక్క రాసి, బజారు పని చూసుకొని సాయంత్రం రమ్మంటాడు. దుకాణంలో నచ్చిన వాసన ఎండలో తిరిగాక నచ్చకపోవచ్చని, సాయంత్రానికీ నచ్చితేనే అది వాళ్లదని అంటాడు. చాలామంది ఉచితంగా చుక్క రాయించుకొని మళ్లీ వచ్చేవారు కాదు. నష్టపోయే బేరం ఎవరైనా ఊరికే చేస్తాడా అని నాకు అనుమానం. ఊరంతా తిరిగే చేతులన్నీ ఆయన దుకాణానికి బోర్డులే కదా.

ఒకసారి నా దగ్గర కుట్టించుకునే టీచరమ్మ గులాబీ అత్తరు పూసుకొని వచ్చింది. ఆమె పక్కన నిలబడితే అప్పుడే తెంపిన పువ్వు దగ్గర నిలబడినట్టు ఉండేది. నాకూ అదే కావాలని చిచ్చాను అడిగాను. ఆయన నా చెయ్యి పట్టి చూసి, పుల్ల తీయకుండానే, "నీ ఒంటికి గది పడది బేటీ. ఖస్ రాసుకో, వట్టివేరు సల్లగుంటది" అన్నాడు. పల్లె నుంచి వచ్చిన కుట్టు మనిషికి గులాబీ ఎందుకని అన్నట్టే నాకు వినపడింది. ఆయన అలా అనలేదని తరువాత చాలామంది నాకు నచ్చచెప్పారు. వినపడింది నా చెవులకు, వాళ్ల చెవులకు కాదు. టీచరమ్మ చేతనే ఒక సీసా కొనిపించుకున్నాను.

పొద్దున పూసుకుంటే బ్రహ్మాండంగా ఉంది. మధ్యాహ్నానికి పాకం పట్టిన బెల్లం పులిసినట్టు అయింది. కల్తీ అన్నాను. వచ్చిన ప్రతి గిరాకీకీ సీసా చూపించాను, నా చెయ్యి వాసన చూపించాను, అంత ఇస్త్రీ లాల్చీ వేసుకొని మోసం చేస్తాడా అని అడిగాను. చెక్క గోడ అవతల అంతా వినపడుతుందని తెలిసే అన్నాను. మరునాడు ఆయన నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, అదే సీసాలో అదే పుల్ల ముంచి నా చేతికి ఒక చుక్క, తన చేతికి ఒక చుక్క రాశాడు. ఆయన లోపలికి వెళ్లి చేతి మీది అత్తరు మారుస్తాడేమోనని నేను అన్నానికి కూడా లేవలేదు. ఆయన నమాజుకు వెళ్తే మసీదు మలుపు దాకా వెంట వెళ్లి, బయట నిలబడి, వచ్చాక మళ్లీ వెంట వచ్చాను. బజారు నవ్వింది. ఎండ ముదిరేసరికి నా చెయ్యి పులిసింది, ఆయన చెయ్యి పులియలేదు. నేను సబ్బు తీసుకున్నాను.

"కడగకు. జర ఆగు, సబర్ చెయ్యి" అన్నాడు ఆయన. "గులాబ్ కింద చందనం ఉంటది. పూల ఆవిరి చందనం నూనెలకే పట్టి అత్తరు చేస్తరు. గీ పులుపు పోయినంక గది పైకొస్తది."

"పులిసినంక ఏదొస్తే నాకేంది చిచ్చా? పాసిపోయిన కూర కింద బంగారం ఉందంటవ్" అన్నాను. ఆయన నవ్వి, "కూర కాదు, నీ నోరే పులుస్తది" అన్నాడు. నేను కడిగేశాను. ఆ మాట మాత్రం కడుక్కోలేదు.

ఆ గులాబీ సీసా నా మీదికే తిరిగి వస్తుందని అప్పుడు నాకు తెలియదు. పెళ్లిళ్ల కాలం వచ్చింది. నస్రుల్లాబాద్ వైపు పెద్ద రైతు కుటుంబం ఒకటి బిడ్డ పెళ్లి జాకెట్ నాకు ఇచ్చింది. మగ్గం పని చేసిన పట్టు గుడ్డ. దాన్ని పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకొని కుట్టాను. కుట్టి ఇచ్చిన కొన్నాళ్లకే పెళ్లికూతురి తల్లి ఆ జాకెట్ తెచ్చి, నలుగురు గిరాకీలు ఉండగా నా మిషన్ మీద పడేసింది. "మా పిల్ల కన్న ముందు నువ్వు తొడుక్కొని ఏ పెండ్లికి పోయినవ్?" అంది. జాకెట్ నిండా గులాబీ వాసన. నేను గులాబీ కొన్నానని బజారంతటికీ తెలుసు. నేనే చెప్పాను కదా.

దర్జీ చేతికి గిరాకీ బట్టను నమ్మి ఇస్తారు. తొడుక్కుందన్న మాట ఒక్కసారి పుట్టిందంటే ఇక ఆ మిషన్ మీద దుమ్మే. ఆ వారం కుట్టమని ఇచ్చిన గుడ్డలు కొందరు కుట్టకుండానే వెనక్కి తీసుకుపోయారు. నేను జాకెట్ తిరగేసి చూశాను. చంకల లోపలి గుడ్డ తళతళలాడుతూ కొత్తగా ఉంది. చేతి అంచు మీద, పై వైపు, వేలి గోరంత నూనె మరక ఉంది. ఒంటి నుంచి అంటిన వాసన లోపలి నుంచి రావాలి, పైనుంచి కాదు. ఎవరో సీసా వంచారు. ఈ మాట నేను చెబితే ఎవరూ వినరు. వాసనల సంగతి చెబితే ఊరు వినేది ఒక్కరి మాటే. జాకెట్ తీసుకొని పక్క మడిగెకు వెళ్లాను. చిచ్చా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు. తరువాత మడిచి నా చేతిలో పెట్టి, "జలుబు చేసింది బేటీ. ఏం తెలుస్తలేదు" అన్నాడు.

ఆ రోజు పొద్దున్నే ఆయన రెండు సీసాలు పక్కపక్కన పెట్టి వాసన చూసి వేరు చేయడం చెక్కల సందులోంచి నేను చూశాను. జలుబు లేదు. ఆ కుటుంబం పెళ్లి అతిథుల చేతులకు రాసే అత్తరు ఆయన దగ్గరే తీసుకుంటుంది. పెద్ద గిరాకీ కోసం నన్ను వదిలేశాడని నిర్ణయించుకున్నాను. చెక్కల సందుల్లో గుడ్డ పీలికలు కుక్కేశాను. ఆయన పలకరిస్తే మిషన్ తొక్కేదాన్ని.

కొన్ని రోజులకు ఆ తల్లి అత్తరు కొనడానికి ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన నన్ను పిలిచాడు. వెళ్లకూడదనుకున్నాను. నా గురించి ఏమంటారో వినాలని వెళ్లాను. గులాబీ చుక్క ఒకటి ఆమె చేతికి రాశాడు, ఒకటి నా చేతికి రాశాడు. సాయంత్రం దాకా అమ్మనని ఆమెతో చెప్పాడు. పెళ్లి పనులున్నాయని ఆమె విసుక్కుంది, అయినా వెళ్లింది. పొద్దు వాలేవేళకు ఆమె తిరిగి వచ్చేసరికి నా చెయ్యి ఎప్పటిలాగే పులిసి ఉంది. చిచ్చా నా మణికట్టు ఆమె వైపు చాపించాడు. తరువాత జాకెట్ తెమ్మన్నాడు. దాని వాసన ఇంకా అప్పుడే సీసా మూత తీసినట్టే ఉంది.

"అమ్మా, గీమె ఒంటి మీద గులాబ్ గిట్లయితది. బజారంత ఎరుక, గీమెనే చాటింపు ఏసింది" అన్నాడు చిచ్చా. "గా జాకెట్ గీమె తొడుక్కుంటే గిదే వాసన రావాలె గద."

ఆమె నా చెయ్యి చూసింది, జాకెట్ చూసింది, మళ్లీ నా చెయ్యి చూసింది. జాకెట్ సంచిలో పెట్టుకొని వెళ్లిపోయింది. తప్పయిందని నాతో ఒక్క మాట అనలేదు. అది ఇప్పటికీ బాకీయే. దుకాణం ముందు నిలబడినవాళ్లు మాత్రం విన్నారు. గుడ్డలు మెల్లగా నా మిషన్ మీదికి తిరిగి వచ్చాయి.

ఆమె వెళ్లాక నేను చిచ్చాను నిలదీశాను. "నీకు జలుబు లేదు గద?" అంటే లేదన్నాడు. మొదటి రోజే ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు గా రోజు ఎవరు పోసిన్రో చెప్పుమంటవ్. చెప్పకుంటే ఊకోవు" అన్నాడు. "సీసా కొన్న పిల్ల నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఒంటి మీద సూడక బట్ట మీద పోసి సూసింది. ఇంట్ల తెలిస్తే ఏమంటరో అని భయం. నోరు ఇప్పనన్న."

"మరి నా పేరు?"

"నువ్వు కొట్లాడి బతుకుతవ్ బేటీ. అందరు బతకరు."

ఏ పిల్ల అంటే చెప్పలేదు. ఆ తరువాత ఎన్నేళ్లు అడిగినా చెప్పలేదు. పెళ్లికూతురేనని నా అనుమానం. ఆ ఇంట్లో వదినలు, చెల్లెళ్లు కూడా ఉన్నారు కాబట్టి అనుమానం అనుమానంగానే మిగిలింది. కొట్లాడగలవాళ్లు దెబ్బలు తినాలన్న న్యాయం ఎక్కడిదని నేను అడిగినప్పుడల్లా ఆయన ఒకటే అనేవాడు. "నువ్వు ఒళ్లు కాదు, బట్టవు. ఏది పడితే గది పడ్డట్టే పట్టుకుంటవ్. ఒంటి మీదైతే వాసన నడుస్తది, మారుతది." బట్టతో బతికేదాన్ని బట్టని అంటావా అని నేను మళ్లీ అలిగేదాన్ని. ఆయన పోయిన రోజు కూడా మా మధ్య ఒక అలక నడుస్తూనే ఉంది. దాన్ని ఎవరితో తీర్చుకోవాలో ఇంతవరకూ తెలియలేదు.

ఆ మడిగెలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన పద్ధతి మాత్రం నా కొట్లోకి వచ్చింది. జాకెట్ కుట్టగానే నేను ఇవ్వను. తొడుక్కొని బజారు తిరిగి, కాసేపు కూర్చొని, చెమట పట్టాక రమ్మంటాను. అద్దం ముందు సరిపోయిన జాకెట్ ఒంటి వేడికి ఎక్కడో పట్టేస్తుంది. కొత్త గిరాకీలు ఇదేం పద్ధతని గొణుగుతారు. నాకేదో లాభముందని అనుమానిస్తారు. అనుమానించడం వాళ్ల హక్కు.

ఈ పొద్దున వచ్చినామె ఆనాటి పెళ్లికూతురే. కొలతలు తీస్తూ గులాబేనా అని అడిగాను. "అవునక్కా. ఒంటికి పూసుకోను, కొంగుకు రాసుకుంట. మొదటి సంది గదే అలవాటు. నా పెండ్లప్పుడు గూడ..." అని ఆగిపోయింది. టేపు ఆమె భుజం మీదే ఉంది. ఇద్దరం అద్దంలోకి చూడలేదు. కొలతకు ఆది జాకెట్ రేపు తెస్తానని చెప్పి గబగబా వెళ్లింది.

ఇన్నేళ్లుగా ఆమెకు చెప్పవలసింది నా దగ్గర ఒక్క మాట తగ్గకుండా ఉంది. రేపు ఆమె గడప ఎక్కగానే అనగలను. పక్కన గిరాకీలు కూడా ఉంటారు, ఆ రోజు ఉన్నట్టే. మధ్యాహ్నం దాకా ఆ మాటలు వరస పెట్టుకుంటూ కుట్టాను. నా మణికట్టు ఎప్పటిలాగే పులిసింది. రెండుసార్లు కుళాయి దాకా వెళ్లి వచ్చాను.

ఇప్పుడు పొద్దు వాలుతోంది. పులుపు ఎప్పుడు పోయిందో గమనించలేదు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా, ఎండిన చెక్కను అప్పుడే చెక్కినట్టు, చల్లగా చందనం. నమ్మలేక గుడ్డతో ముక్కు తుడుచుకొని మళ్లీ చూశాను. ఉంది. ఆయన ఈ ఒక్క సంగతిలో అబద్ధం చెప్పలేదు. రేపు ఆమె వస్తే కొలతలు సరిచూసుకుంటాను, జాకెట్ కుడతాను, తొడుక్కొని తిరిగి రమ్మంటాను. చెప్పవలసింది ఆ తరువాత చెబుతాను. అప్పటికి ఏం మిగిలి ఉంటే అది.