సుందరమ్మక్క చూపించిన ఇండ్లు

నేను చెప్పింది చెప్పినట్టే రాయి సింధూ. నీ కాలేజి భాష పెట్టకు. మధ్యల నవ్వినవంటే చెప్పుడు బంద్ చేస్త.

ముందుగాల ఇది రాయి. మీ అమ్మమ్మ దయ్యాలను నమ్మే మనిషి కాదు. మా ఊర్ల ఒక బాయి కాడ ఆడమనిషి కనపడ్తదని పట్టపగలు గూడ ఎవ్వరు పోకపోతుండె. నేను పోయి బట్టలు పిండుకొస్తుంటి. జనం రాని కాడ నీళ్ళు తేటగుంటయి గదా. ఆఖరికి మీ తాత పోయినంక ఆయన గూడ నాకు కనపడలే. కలలకైన రమ్మని మొక్కి పండుకున్న, రాలే. పోయినోళ్ళు పోయినట్టే, మళ్ళ రారు అని నాకు అప్పుడే ఖాయమైంది.

మీ తాతది కామారెడ్డిల గవర్నమెంట్ కొలువు. ఆయన పోంగనే క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సొచ్చింది. మీ అమ్మకు పెండ్లయి నాగపూర్ల ఉన్నది, నువ్వింక పుట్టలే. ఏడికి పోవాల్నో సమజ్ గాక పట్నంల, మధురానగర్ల మా తమ్మునింటికి వచ్చిన. కొన్ని దినాలు ఉండి చూద్దామని. నా సంసారమంత గోనె సంచులల్ల కట్టి వాళ్ళ మెట్ల కింద పెట్టిన.

తమ్ముడు మంచోడు, మరదలు గూడ మంచిదే. ఇద్దరు ఆఫీసులకు పోతరు, పిల్లలు బడికి పోతరు. ఒకనాడు మరదలు "నువ్వున్నవని ఇంటి ఫికర్ లేకుండ పోతున్న వదినా" అన్నది. మంచి మనసుతోనే అన్నది పాపం. నాకు మాత్రం, ఓహో, నేను వీళ్ళ తాళం కప్పనన్నట్టు అనిపించింది. నాకంటు ఒక తలుపు గావాలె. నేను తీస్తే తెరుచుకునేది, నేనేస్తే మూసుకునేది. ఇంకేం వద్దు. అది గూడ ఎవ్వర్నడగాల్నో ఎరుకలేదు.

గందుకే పగటిపూట తాళమేసి బస్సెక్కి జూబ్లీహిల్స్ దిక్కు పోతుంటి. అప్పుడు గాడ బండలు ఎక్కువ, బంగ్లాలు తక్కువ. పట్నం చూడొచ్చినోళ్ళు చార్మినార్ చూస్తరు, నేను ఇండ్లు చూస్తుంటి. గేటు సందులకెల్లి లోపలి పూలకుండీలు, ఉయ్యాల బల్లలు, మెట్ల మీద పరిచిన తివాచీలు. అద్దాల దుకాణాలల్ల పెట్టిన మంచాలు, దీపాలు. లోపలికి పోవాలంటే సిగ్గు, బయటనే నిలవడి చూస్తుంటి. ఎండ ముదిరితే ఫిల్మ్‌నగర్ల ఒక పచ్చళ్ళ దుకాణంల జొరవడుతుంటి. గాడ రుచి చూడమని వేడన్నం ముద్దల ఇంత పొడి, ఇంత నెయ్యి కలిపి చేతిల పెడుతరు.

గాడనే సుందరమ్మక్క కలిసింది. నా పక్కకు నిలవడి, చేతిల ముద్ద నోట్ల ఏసుకొని, మెల్లగ నా చెవిల అన్నది. "మీరూ కొనరు, నేనూ కొనను. పాపం ఆయన పెడుతూనే ఉన్నాడు. పదండి వదినా, రేపటి ముద్ద రేపు తిందాం."

ఎన్ని దినాలకో నవ్విన నేను.

ఆమెది రాజమండ్రి దిక్కు. చిన్నప్పుడు నాటకాలల్ల ఆడి, మద్రాసు పోయి, సినిమాలోళ్ళంత ఇటు వస్తే వాళ్ళెంబడి ఇటొచ్చింది. జూనియర్ ఆర్టిస్టు. పెండ్లి సీన్ల వెనక నిలవడే పెద్దామె, ఆస్పత్రి సీన్ల బెంచి మీద కూసునే పెద్దామె. నాటకంల కత్తి తగిలిందట, ఎడమ కనుబొమ్మ మధ్యలకెల్లి తెగి గాటున్నది. ఆ గాటు లేకుంటే హీరోయిన్ అవుతుంటినని చెప్పేది. చెప్పి తనే నవ్వేది.

ఆమెతోని తిరుగుడు మొదలైనంక నాకు ఇండ్ల లోపలికి పోవుడు అలవాటైంది. షూటింగ్ నడిచే బంగ్లాల గేట్లు తెరిచే ఉంటయి. ఇస్త్రీ చీరె కట్టుకున్న ముసలామె లోపలికి పోతే ఈమెకు గూడ వేషమున్నది గావచ్చనుకుంటరు, ఎవ్వరు ఆపరు. ఒకసారి నన్నైతే ఒక పిలగాడు "అమ్మా, మేకప్ అయిందా?" అనడిగిండు. కాలేదు అన్న.

ఒక్కొక్క బంగ్లా ముంగట ఆగి సుందరమ్మక్క తన సంసారం చెప్పేది. "ఈ ఇంట్లో నాకు ఇద్దరు కొడుకులు వదినా. పెద్దాడు తాగుబోతు." "అదిగో ఆ ఇంట్లో మా ఆయన జడ్జీ. నాతో ఒక్క ముక్క మాట్లాడడు. ఏం చేస్తాం, నాకు డైలాగు లేదు."

మరి నిజంగ నువ్వుండే ఇల్లేదక్కా అనడిగిన. ఎవ్వరు లేరని చెప్పింది గని ఏడుంటదో చెప్పలే. నేను గూడ రెండోసారి అడగలే. నన్ను గట్ల అడిగితే నాకెట్లుంటదో నాకు ఎరుకే గదా.

అద్దాల దుకాణాలకు గూడ తోలుకపోయింది. నా చెయ్యి పట్టుకొని జమీందారు పెండ్లాం లెక్క నడిచేది లోపలికి. ఉయ్యాల బల్ల చేతితోని జర ఊపి, "మన హాలుకి ఇది చిన్నదైపోదూ వదినా?" అనేది. దుకాణపాయన నీళ్ళు తెప్పిచ్చిండు. "ఎంత పెద్ద హాలు మేడమ్?" అనడిగితే నేను నోట్ల కొంగు పెట్టుకున్న.

బయటికొచ్చినంక పెసరట్టు బండి కాడ సగం సగం తినుకుంట మాత్రం నవ్వకుండ మాట్లాడుకున్నం. హాలు గావాల్నా మనకు? రెండు గదులు, ఒక వంటిల్లు చాలు. నాకు మీ తాత పింఛన్ వస్తది, ఆమెకు పనున్న దినాలు పైసలొస్తయి. సుందరమ్మక్క వేలు మడిచి, "ఒక చాప, ఒక రేడియో, ఒక కాఫీ ఫిల్టరు నావి. మిగతావన్నీ నీ గోనె సంచుల్లో ఉన్నాయి కదా" అన్నది. నా గోనె సంచులు మళ్ళ విప్పుతనన్న మాట ఎవ్వరన్న అనుడు గదే మొదలు.

షేక్‌పేట పాత ఊరు దిక్కు ఒక ఇంటికి టులెట్ బోర్డు చూసినం. ఇంటామె ఊర్ల లేదు, శుక్రవారం రమ్మన్నరు. శుక్రవారం పొద్దున ఫిల్మ్‌నగర్ గుడి మెట్ల కాడ కలుసుకొని పోదామనుకున్నం. తమ్మునికి ఇంట్ల చెప్పిన గూడ. "గీ వయసుల కిరాయింట్లేంది అక్కా, నలుగురు నన్నేమనుకుంటరు" అన్నడు. నలుగురికి చెప్పకు అన్న.

శుక్రవారం ఆమె రాలే.

ఎండ నెత్తి మీదికొచ్చేదాక కూసున్న. షూటింగ్ తగిలి ఉంటదనుకున్న. బండల మీద ఒక తెల్ల బంగ్లా ఉన్నది, గాడ తనకు మస్తు మర్యాదని చెప్తుండె, నాకెప్పుడు చూపియ్యలే. తొవ్వ అడుగుకుంట పోయిన.

గేటు తీసే ఉన్నది. షూటింగ్ లేదు. హాల్లకు పోయి చూస్తే, ఎదురుంగ గోడకు సుందరమ్మక్క ఫొటో. పెద్దది. దండ ఏసి ఉన్నది.

గాడనే మెట్టు మీద కూసుండిపోయిన. ఆ ఇల్లు చూసుకునే మనిషి ఉరికొచ్చి నీళ్ళిచ్చిండు. నేను ఫొటో దిక్కే చూసుడు చూసి ఒకటే నవ్వు. "అది షూటింగ్ ఫొటో అమ్మా. హీరో తల్లి చచ్చిపోయినట్టు. గోడకు ఎవరిదో ఒకరిది కావాలె గదా, గా జూనియర్ ఆర్టిస్టుది ఫొటో తీసి పెట్టిన్రు. గీ ఇంట్ల ఎన్ని పిక్చర్లల్ల చచ్చిపోయిందో గామె. గా దండ గూడ ప్లాస్టిక్‌దే."

ప్రాణం లేచొచ్చింది నాకు. నేను గూడ నవ్విన. ఆమె కోసమే వచ్చిన, ఇయ్యాల ఏడ పనున్నదో ఎరుకనా అనడిగిన.

ఆయన నవ్వు ఆపిండు. "నీకు తెల్వదా అమ్మా? నిజంగనే పోయింది గామె. పోయిన వానకాలం. షూటింగ్ పేకప్ అయినంక ఆటో కోసం గేటు బయట బండ మీద కూసున్నది, కూసున్నట్టే పోయింది. సొంతోళ్ళు ఎవ్వరు రాలే. యూనిట్టోళ్ళే తీస్కపోయిన్రు."

పోయిన వానకాలం అంటే మీ తాత ఇంక బతికే ఉన్నడు. నేను కామారెడ్డిల ఉన్న. నేను ఆమెను చూసింది దాని తర్వాతొచ్చిన ఎండకాలంల.

లేచి ఫొటో దగ్గరికి పోయి చూసిన. కనుబొమ్మ మీద గాటు గాడనే ఉన్నది. ఎడమ దిక్కే.

ఫొటో నాకిస్తవా అనడిగిన. కొత్త పిక్చర్‌కు కొత్త తల్లి వస్తది, తీస్కపొమ్మన్నడు. దండ తీసి గోడకున్న మొల మీదనే వదిలేసిన. పేపర్ల చుట్టి సుతిల్ దారంతోని కట్టిచ్చిండు.

పచ్చళ్ళ దుకాణానికి పోయిన. నా తలకాయే ఖరాబైందేమో చూసుకుందామని. నేను ఈడికి ఎవ్వరితోని వస్తుంటి అనడిగిన. "మీ అక్కగారితో కదండీ. మొన్న కూడా ఇద్దరూ వచ్చారు, ఆవిడ కందిపొడిలో ఉప్పు తక్కువన్నారు" అన్నడు. ఆమె నిన్నెన్నడన్న ముట్టుకున్నదా, చేతికి చెయ్యి తాకిందా అని అడుగుదామనుకున్న. గట్ల అడిగే మనిషిని ఏమనుకుంటరు? అడగలే.

ఇగ ఇంటికి పోవాలె గదా. కాళ్ళు మాత్రం షేక్‌పేట దిక్కు పోయినయ్. ఇంటామె వస్తదన్నరు, మాటిచ్చినం, పోయి మాకొద్దని చెప్పొస్త అనుకున్న. ఒక్కదానికి రెండు గదులెందుకు?

ఇంటామె వాకిట్లనే ఉన్నది. నన్ను చూసి, "మీరేనా ఇంకొకామె? మీ అక్క పొద్దుగాలనే వచ్చి చూసుకొని పోయింది" అన్నది. నేను నోరు తెరవకముందే చూపిచ్చుకుంట పోయింది. "గీ గాలొచ్చే గది మా చెల్లెకు, నాకు వంటింటి పక్క గది చాలన్నది. పొయ్యి కాడ గోడకు ఒక మొల కొట్టియ్యమన్నది. మంచిగ మాట్లాడుతది గదా ఆమె, ఆంధ్ర దిక్కా?"

ఫొటో నా చంకల ఉన్నది. సుతిల్ తెంపి, పేపర్ విప్పి, గీమెనేనా అనడిగితే ఆ నిమిషంల తేలిపోతుండె.

నేను విప్పలే సింధూ. కాదంటే, ఎవరో పోలిన మనిషి నాతోని ఆడుకున్నదని తేలుతది. అవునంటే, నాకు దొరికిన ఒక్క దోస్తు నాకు దొరకకముందే పోయిందని తేలుతది. ఏది తేలినా ఆ ఇల్లు నాకు ఒద్దనిపిస్తది. నాకు ఆ ఇల్లు గావాలె.

ఇద్దరం ఉంటం అమ్మా, తాళం చెవులియ్యి అన్న.

మర్నాడు గోనె సంచులు తెచ్చి విప్పిన. తర్వాత ఆమె నాకు ఎన్నడు కనపడలే. బజార్ల, గుళ్ళ, ఏ షూటింగ్ కాడ గూడ. చప్పుడు గాని వాసన గాని ఏం లేదు, అబద్ధమెందుకు చెప్పాలె. ఆమె ఏమైందని ఇంటామె ఒకసారి అడిగింది. పని మీద తిరుగుతదని చెప్పిన. మళ్ళ అడగలే. ఆ ఇంటామె గూడ పోయింది ఇప్పుడు.

మీ తాతయ్య, అదే మా తమ్ముడు, ఇప్పటికి అంటడు, పోలిన మనిషి అయ్యుంటదని. అయ్యుండొచ్చు. పేరు, గాటు, రాజమండ్రి గూడ పోలుతయా? పోని దయ్యమే అనుకుందామంటే, దయ్యానికి కందిపొడిల ఉప్పు తక్కువైతే ఏంది? ఎటు దిక్కు ఆలోచించినా నాకు తెగలే. చదువుకున్నదానివి, నీకేమన్న తెగితే చెప్పు.

గాలొచ్చే గదిల నేను పండుకుంట. ఇంకో గది ఖాళీ ఉన్నది గదా, ఎవరికన్న కిరాయికియ్యరాదని మీ అమ్మ లొల్లి పెడుతది. ఖాళీ ఏడున్నది? అది ఆమె గది. ఫొటో దాని పక్కనే వంటింట్ల ఉన్నది, పొయ్యి కాడ ఆమె కొట్టియ్యమన్న మొలకు. వచ్చినోళ్ళు ఎవరు గీమె అనడుగుతరు. మా అక్క అని చెప్త. దండేదంటరు.

దండ వెయ్యలే. వెయ్యాల్నో వద్దో నాకు ఇప్పటికి తెల్వది.