దర్జీ చేతిలో టైగ్రిస్ నది

కైరో శివారు హెల్వాన్‌లో మెట్రో స్టేషన్ ఎదుట కాఫీ కొట్టులో లబీబ్‌ని అందరూ ఉస్తాద్ అనేవారు. ఆ పిలుపు కోసం అతను పడే పాట్లు చూస్తే జాలిపడాలి గానీ నాకు మాత్రం ఒళ్లు మండేది. నిండా అరవై దాటిన మనిషి. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా జీవితమంతా కుర్చీ అరగదీసి దిగిపోతే, పక్క బల్ల వాడికి కూడా అతని పేరు గుర్తులేదు. పింఛను వచ్చాక అతనికి మిగిలిన గొప్పతనం ఒక్కటే. పొద్దున పత్రికలో వచ్చే గళ్ల నుడికట్టును పెన్సిలు ముట్టకుండా, సిరా పెన్నుతో, హుక్కా గొట్టం ఒకచేత్తో పట్టుకునే పూర్తిచేసేవాడు. టీ చల్లారే లోపల.

ఊరికే పూర్తిచేస్తే భరించవచ్చు. మధ్యమధ్య ఉపన్యాసం కూడా.

"మొట్టమొదటిది న్యూయార్కులో వేశారు, పందొమ్మిది వందల పదమూడు, డిసెంబరు. ఇలా చదరంగా లేదు, డైమండు ఆకారం" అనేవాడు. "పేరు కూడా తిరగేసి, వర్డ్-క్రాస్ అని ఉండేది. ప్రెస్సువాళ్లు పొరపాటున తలకిందులు చేశారు, అదే నిలిచిపోయింది."

"పోయిన వారమే చెప్పావు ఉస్తాద్" అనేవాడు బయూమీ. ఇతను కొట్టులో రోజూ పక్కన కూర్చునే పాత ట్రాము డ్రైవరు. "ఇక యుద్ధం కథ కూడా కానివ్వు, నేను ఈలోగా నిద్రపోతాను."

లబీబ్ మొహమాటం లేకుండా కానిచ్చేవాడు. యుద్ధం రోజుల్లో లండన్ పత్రిక గళ్లలో సైన్యం రహస్యపు పేర్లు వరసగా పడ్డాయనీ, వాటిని కూర్చిన బడిపంతులుని పట్టుకెళ్లి ప్రశ్నించారనీ. వినేవాళ్లు ఆవులించినా అతనికి పట్టేది కాదు.

ఇంతకీ ఆ సిరా మహిమ ఎలాంటిదంటే, మర్నాటి పత్రిక మొదటి ముద్రణ ముందురోజు సాయంత్రమే కైరో నడిబొడ్డున అమ్ముతారు. హెల్వాన్ దాకా అది రాదు. మా కొట్టుకు వచ్చేది తెల్లారి దిగే తర్వాతి ముద్రణ. లబీబ్ ప్రతి సాయంత్రం అక్కకి ఒంట్లో బాగాలేదని కొట్టులో చెప్పి మెట్రో ఎక్కి, నడిబొడ్డున తహ్రీర్ కూడలిలో పత్రిక కొని, బనీనులోకి దోపుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. నిఘంటువులు, అట్లాసు, పాత పంచాంగాలు పరుచుకుని భోజనాల బల్ల మీద పెనుగులాడేవాడు. కొట్టివేసి, మళ్లీ రాసి, చివరికి అంతా బట్టీపట్టి, పొద్దున్నే కొట్టులో అప్పుడే చూస్తున్నట్టు కళ్లు చికిలించేవాడు.

"మీ అక్క ఉక్కుముక్కలా ఉంది. ఈ జబ్బు సంగతి ఆవిడ చెవిన పడితే చెప్పు తీసుకుని వస్తుంది" అంది భార్య సనియ్యా, బల్ల మీద పళ్లేలు పెట్టడానికి చోటు లేక నిలబడి.

"నువ్వు వంటగదిలోనే తినేసెయ్" అన్నాడు లబీబ్, తలెత్తకుండా.

అలాంటి రోజుల్లో బయూమీ ఒక కబురు తెచ్చాడు. ఆ పత్రికకు గళ్లు కూర్చే ఫిక్రీ, బయూమీ మేనల్లుడికి పరిచయస్తుడు. కళ్లు మసకబారాయట, పని ఇంకొకరికి అప్పగించాలని చూస్తున్నాడట. "మా కొట్టులో సిరాతో రాసే మొనగాడు ఉన్నాడని చెప్పించాను. రేపు పొద్దున వస్తానన్నాడు" అన్నాడు బయూమీ.

లబీబ్‌కి ఆ రాత్రి అన్నం దిగలేదు. గళ్ల కింద చిన్నక్షరాల్లో కూర్చినవారి పేరు పడుతుంది. రోజూ. దేశమంతటా. జీవితంలో అతను కోరుకున్నది అంతకు మించి ఏమీ లేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఫిక్రీ బక్కపలచని ముసలాయన, మందపాటి కళ్లద్దాలు. వచ్చి, పంచదార లేని కాఫీ చెప్పి, లబీబ్ పక్కనే కుర్చీ లాక్కున్నాడు. కొట్టంతా చుట్టూ చేరింది. లబీబ్ పత్రిక విప్పి, పెన్ను మూత తీశాడు. ఆరోజు ఇంకా చెలరేగాడు. ఆధారాలు చదువుతున్నట్టు పెదవులు కదుపుతూ అక్షరానికో గడి చొప్పున నింపుకుంటూ పోయాడు. ఫిక్రీ మొదట తలాడించాడు. కింది మూలకు వచ్చేసరికి ఆడించడం మానేశాడు.

"ఇక్కడ ఏం రాశారు?"

"టైగ్రిస్" అన్నాడు లబీబ్ ఠీవిగా.

"ఆధారం చదవండి."

లబీబ్ చదివాడు. అప్పుడే, మొదటిసారి చదివాడు. "దర్జీ చేతిలో ఉండేది."

ఎవరో కిసుక్కుమన్నారు. బయూమీ నవ్వలేదు. తెచ్చింది తనే కాబట్టి తల దించుకున్నాడు.

"ఇరాక్ నది అన్న ఆధారం పోయిన వారమే వచ్చిందని ఎడిటర్ గోల చేశాడు" అన్నాడు ఫిక్రీ, గొంతు పెంచకుండా. "మొదటి ముద్రణ వెళ్లిపోయాక ఈ మూల మొత్తం మార్చాను. నల్ల గళ్లు మాత్రం అలాగే ఉంచాను. మీరు రాసినవన్నీ సాయంత్రం కాపీలోవి." ఒంగి, అతనికే వినిపించేలా అడిగాడు. "ఎవరైనా చెప్పారా, మీరే చేశారా?"

లబీబ్ పెన్ను మూత వెతుక్కున్నాడు.

"మీరే చేసుంటే చెప్పండి. తప్పేం కాదు. నేను ఒక్కో గడి నెత్తిన పెట్టుకుని రోజుల తరబడి కూర్చుంటాను. నాకు టీ చల్లారే లోపల చేసేవాడు అక్కర్లేదయ్యా. బల్ల ముందు రాత్రంతా కూర్చునేవాడు కావాలి."

అంతకంటే సుళువుగా ఎవరూ ఎవరికీ తలుపు తీయరు. అవునండీ అంటే చాలు. లబీబ్ ఫిక్రీ వైపు చూశాడు, చుట్టూ మూగిన మొహాల వైపు చూశాడు. ఉస్తాద్ అన్న పిలుపు ఆ మొహాల దగ్గరే ఉంది. పెద్ద గొంతుతో అన్నాడు.

"సాయంత్రం పత్రిక నేనెన్నడూ ముట్టలేదు. తప్పు మీ ఆధారంలోనే ఉంది."

ఫిక్రీ మిగిలిన కాఫీ తాగాడు. కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. బయూమీకి సలాం చెప్పి స్టేషన్ వైపు నడిచాడు.

చుట్టూ చేరినవాళ్లు ఒక్కొక్కరే తమ బల్లలకు వెళ్లిపోయారు. లబీబ్ పత్రిక ఎత్తిపట్టి, దర్జీకీ నదికీ ఉన్న సంబంధం వివరించడం మొదలుపెట్టాడు.