నిమ్మకాయ మీద ఆగిన కారు

2023లో దసరాకు ఇంకా నెల రోజులుందనగా జరిగిన సంగతి ఇది. రాయచూరులో హైదరాబాద్ రోడ్డు పక్కన నా గ్యారేజీ. ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్లు, పత్తి మోసే టెంపోలు, సావుకార్ల కార్లు బాగుచేస్తున్నాను. నా పేరు నర్సింలు అయినా ఊళ్లో అందరూ ఉస్తాద్ అంటారు. ఆ మాట వినీ వినీ అప్పటికి నాకు కొంచెం తలకెక్కి ఉండింది.

ఆ రోజు ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారును తాడు కట్టి లాక్కొచ్చారు. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. వెనకే ప్రసన్న ఆటోలో దిగింది. గంజ్‌లో, అంటే పత్తి, ధాన్యం అమ్మే మార్కెట్ బజారులో, విత్తనాల దుకాణం ఉన్న వీరేశం సావుకారి కూతురు ఆమె. ముప్పై దాటిన మనిషి, దుకాణం సగం తనే నడిపిస్తుంది. హైదరాబాద్‌లో ఎవరో వాడిన కారును మూడు నెలల కిందట తన సొంత సంపాదనతో కొనుక్కుంది. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది, కారు మాత్రం కదలడం లేదు. క్లచ్ కాలిపోయిందని మూత తీయకుండానే చెప్పాను.

"ఇంట్ల అందరు నేనే కాల్చిన అంటున్నరు ఉస్తాద్. ఆడిపిల్లకు గిసుంటి బండి ఎందుకు అని ఒకటే గొడవ. నాయిన ఆఖరి మాట చెప్పిండు. దసరా పూజ నాటికి మంచిగ నడిస్తే సరె, లేకుంటే అమ్ముడే. ఇగ ఏడికి పోవాలన్నా డ్రైవర్ని ఎంటబెట్టుకొని పోవాలె నేను."

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇంజన్ వెనక ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం తిరుగుతూ ఉంటుంది. క్లచ్ ప్లేటు దాన్ని పట్టుకుంటే కారు కదులుతుంది, పెడల్ తొక్కితే వదిలేస్తుంది. ఆ చక్రం బరువే ఇంజన్‌కు ఓపిక. గుంపులో మెల్లగా కదిలేటప్పుడు ఇంజన్ ఆగిపోకుండా చూసేది అదే.

గేర్‌బాక్స్ దించి చూశాను. ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వాటి మధ్య సన్నటి పగుళ్లు, పగుళ్లలో నల్లటి మడ్డి గట్టిపడి ఉంది. అది మూడు నెలల్లో అయ్యే పని కాదు. వెనకటి యజమాని ఎప్పుడో కాల్చేశాడు, ఆ పగిలిన ఫ్లైవీల్ మీదే కొత్త ప్లేటు బిగించి అమ్మేశాడు. ప్రసన్నను పిలిచి చూపించాను. ఆమె ఆ పగుళ్లను వేలితో తడిమి చూసింది.

"అయితే నేను కాల్చలేదు," అంది. "ఈ మాట నాయినకు చెప్తవా ఉస్తాద్?"

"చెప్తనమ్మా, నిదానంగ."

చెప్పలేదు. పెద్దిళ్ల గొడవలో నేనెందుకు తలదూర్చడం అనుకున్నాను. సావుకారి ఎదుట నాకు నోరు పెగలదనేది కూడా నిజమే.

ఇక కొత్తది ఏది వేయాలన్న ప్రశ్న. కారుతో మొదట వచ్చినటువంటి బరువైన ఫ్లైవీల్, మెత్తటి క్లచ్ ఒక దారి. పోటీల్లో నడిపేవాళ్లు వాడే తేలిక ఫ్లైవీల్, లోహపు ముక్కలున్న గట్టి క్లచ్ రెండోది. ప్రసన్న ఫోన్‌లో రెండోది చూపించింది.

"ఇది ఏస్తే కాలు పెట్టంగనే ఇంజన్ లేస్తదంట. మన గంజ్‌ల నడుస్తదా మరి?"

సరైన ప్రశ్నే అడిగింది. జవాబు నాకు తెలుసు. గంజ్‌లో పత్తి బండ్ల వెనక బెత్తెడు బెత్తెడు జరగాలి, అక్కడ తేలిక చక్రానికి ఓపిక ఉండదు. కానీ రాయచూరులో అలాంటిది బిగించిన మెకానిక్ ఇంకెవడూ లేడు. ఆ మొదటివాణ్ని నేనే కావాలనిపించింది.

"ఎందుకు నడవదమ్మా, మస్తు నడుస్తది," అన్నాను.

సామాను రావడానికి ఇరవై రోజులు పట్టింది. పండుగకు రెండు రోజుల ముందు బిగించి, పొద్దున్నే యరమరస్ వైపు ఖాళీ రోడ్డు మీద నడిపి చూశాను. కారు ఎగిరిపోయింది, నేనూ ఎగిరిపోయాను. గంజ్ వైపు మాత్రం తిప్పలేదు. ఎందుకు తిప్పలేదో నాకు తెలుసు.

ఆయుధ పూజ రోజు దుకాణం ముందు బండ్లన్నీ వరసగా నిలబెట్టి బంతిపూలు కట్టారు. సావుకారి నన్నూ పిలిచారు. చుట్టాలు, హమాలీలు, ఇరుగు పొరుగు దుకాణాలవాళ్లు కారుకు అటూ ఇటూ ఇరుక్కుని నిలబడ్డారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. వాటిని తొక్కించుకుని బండి మెల్లగా ముందుకు కదలాలి. అంతమంది మధ్య రేస్ పెంచి వదిలితే కారు ఎవరి మీదికైనా దూకుతుంది. ప్రసన్న జాగ్రత్తగా క్లచ్ వదిలింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేసింది. మళ్లీ ఆగింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు.

"చాలు పిల్లా, ఆపు," అంది వాళ్ల అవ్వ. "అమ్మోరికే ఇష్టం లేదు ఈ బండి."

సావుకారి తాళం కోసం చెయ్యి చాపారు. ప్రసన్న ఆయన్ను చూడలేదు, నన్ను చూసింది. నేను ఇంకా ఊరుకుని ఉంటే ఆ తాళం ఆయన చేతిలో పడేది.

"సావుకారీ, తప్పు ప్రసన్నమ్మది కాదు. నాది. గంజ్‌కు పనికిరాని చక్రం ఏసిన."

"ఆమెను కాపాడనీకె చెప్తున్నవా? నువ్వు కూసో. నువ్వు నడిపి చూపియ్యి."

కూర్చున్నాను. ఇంత చెప్పినా, నా చేతిలో కదలదా అని లోపల చిన్న ధీమా ఉంది. క్లచ్ వదిలాను. ముప్పై ఏళ్ల ఉస్తాద్‌ను అందరి ముందు కుదిపి మరీ ఆగిపోయింది. హమాలీలు పగలబడి నవ్వారు. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. కావాలనే ఆపావా ఉస్తాద్ అని ప్రసన్న ఇప్పటికీ అడుగుతుంది. ఒట్టు, కదిలించాలనే చూశాను.

దిగి, పాత ఫ్లైవీల్ పగుళ్ల సంగతి కూడా చెప్పేశాను. ఆ కాలిపోవడం ఆమె కొనకముందుదని చెప్పాను. సావుకారి కోప్పడతారనుకున్నాను.

"ఎన్ని దినాలాయె నువ్వు చూసి?"

"ఇరవై దాటినయ్ సావుకారీ."

"అన్ని దినాలు తిట్టిన నేను ఈమెను. అన్నం తినేటప్పుడు గూడ తిట్టిన." ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, కూతురు చేతిలోని తాళాన్ని ఆమె గుప్పిట్లోనే మూశారు. నాకిచ్చిన కొబ్బరి చిప్ప తినబుద్ధి కాలేదు.

మళ్లీ గేర్‌బాక్స్ దించి, బరువైన ఫ్లైవీల్, మెత్తటి క్లచ్ తెప్పించి వేశాను. ఈసారి నేనే ప్రసన్న పక్కన కూర్చుని, సంత రోజున గంజ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆమెతో నడిపించాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

కారు తీసుకుపోవడానికి సావుకారి కూడా వచ్చారు. జుబ్బా జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి, తానే వంగి టైర్ల కింద పెట్టారు. తర్వాత తంటాలు పడి ఆ పొట్టి సీట్లో దూరి, "గబ్బూరు గుడికి పోనియ్యి బిడ్డా," అన్నారు.

ప్రసన్న కిటికీలోంచి నన్ను పిలిచింది. "నిజం చెప్పు ఉస్తాద్. గంజ్‌ల నడుస్తదా అని నేను అడిగిన దినం, నడవదని నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

ఆమె తలూపి గేరు వేసింది. కారు మెల్లగా కదిలింది. నాలుగు నిమ్మకాయలూ పగిలాయి.

ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో ఏదో సామాను చూపించి వేయమంటే, ముందు వాళ్ల పక్కన కూర్చుని వాళ్లు రోజూ తిరిగే దారిలో ఒకసారి పోయొస్తాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, అది ఇంజన్‌కు సంబంధించింది కాదు. బండి విప్పినప్పుడు కనబడిన నిజం వల్ల ఇంకో మనిషి మీద పడుతున్న నింద ఆగుతుందనిపిస్తే, అదే పూట, ఆ నింద వేస్తున్నవాళ్లకే ఫోన్ చేసి చెబుతాను. అది చెప్పిన తర్వాతే మళ్లీ పానా పట్టుకుంటాను.