మడమ పగుళ్ళకు నా డబ్బా గ్రీజు

మొన్న కర్నూల్లో చర్మాల డాక్టరమ్మ గది ముందర బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఊరికే ఉండలేక పక్కనున్న పెద్దమనిషికి నా గొప్ప ఒకటి చెప్పుకున్నాను. డోన్ రైల్వే క్వార్టర్లలో మా వరస ఆడవాళ్ళందరి మడమ పగుళ్ళనూ ముప్పై ఏళ్ళపాటు ఒంటిచేత్తో మాన్పినవాణ్ణి నేనేననీ, నా మందు కోసం గుంతకల్లు నుంచి కూడా మనుషులు బండెక్కి వచ్చేవాళ్ళనీ. ఆయన కళ్ళు పెద్దవి చేసి, చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి మీది తామర నాకు చూపించబోతున్నాడు. అంతలో తెర వెనక నుంచి మా ఇంటావిడ "అమ్మా!" అని ఒక్క కేక పెట్టింది. నేను లేచి నిలబడ్డాను. ఆ తర్వాత ఆమె బయటికి వచ్చేదాకా మళ్ళీ కూర్చోలేదు.

ఆమె కుడి మడమలో ఒక పగులు నెల దాటినా మూసుకోలేదు. ఆమెకు చక్కెర జబ్బు ఉంది. మొదట ఎర్రగా ఉన్న అంచులు పోను పోను నల్లబడ్డాయి. కమలాపురంలో ఆమె అక్కకు, అంటే మా వదినకు, ఇట్లాగే బొటనవేలి పక్కన చిన్న పుండుగా మొదలై, చివరికి చీలమండ దాకా కాలు తీసేశారు. ఆరోజు బస్సులో డోన్ నుంచి కర్నూలు దాకా మేమిద్దరం వానలు లేవని, సెనక్కాయ పంట లేదని, ఏదేదో మాట్లాడుకున్నాం గానీ వదిన పేరు మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

కాలుగాలిన పిల్లిలా ఆ వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. గోడ మీది పటాల్లో ఉన్న మొటిమలూ మచ్చలూ అన్నీ చదివేశాను. చీటీలిచ్చే పిల్లను ఇంకెంతసేపని మూడుసార్లు అడిగితే నాలుగోసారి "ఊరికే కూసో తాతా, నీ కాలుగాదు గదా" అని కసిరింది. నా కాలైతే కూర్చునేవాణ్ణే.

మా తరం వాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో ఆడవాళ్ళ కాళ్ళెట్లా ఉండేవో. ఇంట్లో నాపరాయి బండలు, బయట కంకర, తలమీద ఎండ, కాళ్ళకు చెప్పుల్లేవు. ఎండాకాలం రేగడి చేను నెర్రెలిచ్చినట్టు మడమలు విచ్చుకునేవి. నా కొలువేమో గూడ్సు బండ్ల చక్రాలకు గ్రీజు పెట్టడం. అంత పెద్ద ఇనుప చక్రమే అరగకుండా తిరుగుతుంటే ఆడదాని మడమ ఒక లెక్కా అని, ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఇంత గ్రీజు వేసుకొచ్చి మా ఆవిడకిచ్చాను. ఆమె వాసన చూసి, నన్ను చూసి, డబ్బా లోపల పెట్టింది. నెలలోపల పక్కింటామె, ఆ పక్కింటామె, వరసంతా ఖాళీ డబ్బాలు పంపించారు. కనపడినప్పుడల్లా "ఎట్లుండాది చెల్లెలా, మందు?" అని అడిగేవాణ్ణి. "శానా బాగుండాదన్నా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పోయేవాళ్ళు. అది సిగ్గనుకున్నాను. మా వరసకు ఇంకో ప్రతిష్ఠ కూడా ఉండేది. ఎదుటి వరసలో తలుపు తీస్తే గాడిద ఓండ్రపెట్టినట్టు ఉండేది గానీ మా వరసలో ఒక్క తలుపూ కిర్రుమనేది కాదు. మాకు దొరికిన వడ్రంగి మంచివాడని ఊరంతా చెప్పాను.

నలభై అయిదు దాటాక ఆమె ఒళ్ళు ఆమె మాట వినడం మానేసింది. చెంపల మీద మంగు, మెడ మీద పులిపిర్లు, చలికాలం వస్తే పిక్కలు తెల్లగా పొట్టు లేచి ఒకటే దురద, ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి పట్టినట్టు చెమట. వీటిలో ఒక్కటి కూడా నాకు చెప్పింది కాదు. కాపురం మొదలైనప్పటి నుంచీ అటక కింద ఒక రేకు పెట్టె ఉండేది. అందులో ఆముదం, వేపనూనె, కర్పూరం వేసిన కొబ్బరినూనె, కొవ్వొత్తి ముక్కలు. మధ్యాహ్నాలు వెనక వాకిట్లో నలుగురాడవాళ్ళు ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని, ఒకరి మడమ ఒకరు రాయితో రుద్దుకుంటూ, ఆముదంలో కరిగించిన మైనం గోరువెచ్చగా పగుళ్ళలో నింపుకుంటూ, ఏదో చెప్పుకొని నవ్వుకునేవాళ్ళు. నేను సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినపడితే చాలు, చీరలు కిందికి దిగేవి, మాటలు ఆగేవి. ఆ నవ్వేమిటో తెలుసుకోవాలని నాకు నలభై ఏళ్ళుగా దురద.

ఇప్పుడు నిజం చెప్పాలి. గుంతకల్లు నుంచి ఎవరూ రాలేదు. ఒకే ఒకడు వచ్చాడు, వాడూ నా సైకిలు పంపు కోసం వచ్చాడు. ఇంకో నిజం ఇంతకంటే బరువైనది. ఆ పక్కింటాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఈమెకు మోకాళ్ళు ముడుచుకోవు, మడమ దాకా చూపు ఆనదు. నెలన్నర కిందట, పెళ్ళైన ఇన్నేళ్ళకు మొదటిసారి, కాస్త రాయితో రుద్దిపెట్టమని కాలు నా ఒళ్ళో పెట్టింది. నాకు మురిపెం తలకెక్కింది. రాయెందుకని గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, ఉల్లిపాయ పొరలు తీసినట్టు తీస్తూ పోయాను. "సాలు, సాలప్పా" అంటూనే ఉంది. ఇంకొక్క పొర అన్నాను. రక్తం వచ్చింది.

వరండాలో నేను తిరుగుతున్నప్పుడు తెర సందులోంచి డాక్టరమ్మ గొంతు వినపడింది, దీన్ని ఎవరు కోశారని. మా ఆవిడ తడుముకోకుండా చెప్పింది, "నేనే కోసుకున్నా తల్లీ, కండ్లు సరిగ్గా అగపడక." డాక్టరమ్మ ఆమెను తిట్టింది, బాగానే తిట్టింది. వెంటనే తెర తోసుకొని లోపలికి పోయి, ఆ చెయ్యి నాదని చెప్పేశానని ఇక్కడ రాయాలని ఉంది. పోలేదు. తెర అంచు పట్టుకొని నిలబడి, వదిలేసి, మళ్ళీ ఆ కొసకు నడిచాను.

కాలికి గండం లేదట. చక్కెర జబ్బుకు కాలు మొద్దుబారిపోతుంది, అట్లాంటిది అంత కేక పెట్టేంత నొప్పి తెలుస్తోందంటే అదే మంచిగుర్తని డాక్టరమ్మ అన్నదట. నన్ను బెంచీ మీద నుంచి లేపిన కేకే శుభవార్త అయింది. రోజూ కడిగి మందు పూయాలి, ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదు, పదోనాడు మళ్ళీ రావాలి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆమె కాలు కడిగి, దూదితో మందు పూసేది నేనే. పనయ్యాక కాళ్ళు ఊరుకోవు, వీధిలోకి పోతాను, వస్తాను. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ అద్దం ముందర మడమకొక ట్యూబు, మొహానికొక ట్యూబు ఉంటున్నాయి. ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకొని ఎవరికి వాళ్ళు పూసుకుంటున్నారు. మందులు పెరిగాయి, మంచిదే. కానీ తన మడమ ఇంకొకరి ఒళ్ళో పెట్టి నవ్వుకునే వెనకవాకిలి ఏ ఇంట్లోనూ కనపడదు. అది ఉండి ఉంటే ఆమె కాలు నా బ్లేడు దాకా వచ్చేది కాదు.

ఇంతవరకు రాసి ఆమెకు చదివి వినిపించాను. కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకొని, కళ్ళు మూసుకొని విన్నది.

"రాస్తే సరిగ్గా రాయప్పా. నీ గ్రీజు మాలో ఒక్కతె గూడా కాలికి పూయలేదు. తలుపులు కిర్రుమనకుండా బందులకు పూసినాం. మేం నవ్వుకునిందీ దానికే. ఇంగ ఆ బ్లేడు సంగతి కాగితం మీద కాదు, పదోనాడు నువ్వే లోపలికొచ్చి ఆయమ్మతో చెప్పు. తిట్లు నేను తిన్నది సాలు."